థీమ్ పార్క్ పెర్ఫార్మర్ ఆడిషన్లు: ఎత్తు కొలత నుంచి కాంట్రాక్టు దాకా – తెలిసినవాళ్లు చెప్పండి

గజ్జెల_గౌతమి
అందరికీ నమస్కారం. థీమ్ పార్కుల్లో పెర్ఫార్మర్ ఉద్యోగాల ఆడిషన్ గురించి తెలుగులో ఒక్కచోట సమాచారం దొరకడం లేదు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, కూచిపూడి డిప్లొమా ఉంది, జాజ్ ఏడాదిగా నేర్చుకుంటున్నాను. హైదరాబాద్ అయినా, దుబాయ్, అబుదాబి, సింగపూర్ అయినా ఫర్వాలేదు. ఏ విభాగానికి వెళ్లాలి? ఆడిషన్‌లో అసలు ఏం చేయిస్తారు? వీడియో పంపమంటే ఎలా తీయాలి?

పరేడ్_ప్రసాద్
గౌతమి గారూ, ప్రకటన రాగానే అందరూ జీతం ఎంతో చూస్తారు. ముందు చూడాల్సింది ఎత్తు. పార్కులో కాస్ట్యూములు ముందే కుట్టి ఉంటాయి. ఆ కాస్ట్యూమ్‌లో పట్టే మనిషి కోసం ఆడిషన్ పెడతారు. అందుకే చాలాచోట్ల మొదటి పని చెప్పులు విప్పించి గోడకున్న స్కేలు దగ్గర నిలబెట్టడం. ఓర్లాండో డిస్నీ ప్రకటనల్లో 4 అడుగుల 8 అంగుళాల నుంచి 5 అడుగుల 2 అంగుళాల వాళ్లనీ, 6 అడుగులు దాటినవాళ్లనీ తరచుగా విడిగా పిలుస్తారు. తల మొత్తం కప్పే పాత్రల్లో పొట్టివాళ్లకూ బాగా పొడుగువాళ్లకూ గిరాకీ ఎక్కువ, మధ్య ఎత్తువాళ్లకు పోటీ ఎక్కువ. మీ 5 అడుగుల 2 అంగుళాలు కలిసొచ్చే ఎత్తు.

ఎత్తు సాయంత్రం కొలుచుకోండి. పొద్దున లేవగానే కొలిస్తే ఒక సెంటీమీటరు దాకా ఎక్కువ చూపిస్తుంది. రెజ్యూమెలో 5 అడుగుల 4 అని రాసి అక్కడ 5 అడుగుల 2 తేలితే, ఆ కాగితం మీద మిగతా రాతలన్నీ అనుమానంగానే చూస్తారు.

విభాగాలంటే ఇవి. తల కప్పే కాస్ట్యూమ్ పాత్రలు, ముఖం కనిపించే పాత్రలు, పరేడ్ లేదా స్టేజి డ్యాన్సర్లు, గాయకులు, స్టంట్ వాళ్లు, ఇక కర్రకాళ్లు, జగ్లింగ్ లాంటి ప్రత్యేక విద్యలవాళ్లు. ముఖం కనిపించే పాత్రకు ముఖకవళిక కలవాలి. అది మన చేతుల్లో లేదు, అక్కడ ‘నో’ అంటే మనసుకు తీసుకోవద్దు. మీరు కాస్ట్యూమ్, డ్యాన్స్ రెండిటికీ దరఖాస్తు పెట్టండి. రెండూ చేయగలిగినవాళ్లను షెడ్యూల్ వేసేవాళ్లు ఇష్టపడతారు, ఎందుకంటే పొద్దున ఫొటోలకు నిలబెట్టి సాయంత్రం పరేడ్‌లో వేసుకోవచ్చు.

మాస్క్_మాస్టారు
కాస్ట్యూమ్ పాత్రల ఆడిషన్ గురించి నేను చెప్తానమ్మా. ఎత్తు చూశాక రెండు పరీక్షలు ఉంటాయి. ఒకటి చిన్న డ్యాన్స్ ముక్క, రెండోది మూకాభినయం. దీన్ని అక్కడ యానిమేషన్ అంటారు, కంప్యూటర్ యానిమేషన్‌తో దీనికి సంబంధం లేదు. మాట లేకుండా, ముఖం వాడకుండా, ఒళ్లంతటితో ఒక పని చేసి చూపించాలి. కేకు తయారు చేయండి, చేపలు పట్టండి, సర్కస్‌లో మొదటిరోజు అనుకోండి, ఇలాంటివి ఇస్తారు. అర నిమిషం నుంచి నిమిషం ఇస్తారు, ఆలోచించుకునే వ్యవధి ఉండదు.

దోసె వేయడం తీసుకుందాం. చాలామంది చేసే తప్పు, గరిటె తిప్పి, దోసె తిరగేసి, తిని, పది సెకన్లలో ముగించి చేతులు కట్టుకు నిలబడడం. ముందు స్టవ్ ఎక్కడుందో తేల్చుకోండి. పెనం నడుము ఎత్తులో పెట్టారా, ఆఖరిదాకా అక్కడే ఉండాలి. రెండోసారి చెయ్యి ఛాతీ ఎత్తుకు వెళ్లిందంటే పెనం గాలిలో లేచినట్టే, ఎంపిక చేసే ప్యానెల్ అది వెంటనే పట్టుకుంటుంది. గరిటెకు బరువుండాలి. పిండి తీసేటప్పుడు మణికట్టు కొంచెం కిందికి కుంగాలి, పెనం మీద పోయగానే తేలికవ్వాలి. తర్వాత ఒక చిక్కు పెట్టండి: దోసె పెనానికి అంటుకుంది. లాగుతారు, రాదు. కాలు స్టవ్‌కు తన్నిపెట్టి లాగుతారు, ఒక్కసారిగా ఊడి నెత్తి మీద పడుతుంది. అక్కడ రెండు లెక్కలు ఆగండి. ఆ ఆగడంలోనే నవ్వు వస్తుంది. తర్వాత ఒక మూల చింపి రుచి చూసి, బాగుందని ఎదుటివాళ్లకు పెట్టండి. మొదలు, చిక్కు, స్పందన, ముగింపు. ఏ పని ఇచ్చినా ఈ నాలుగూ ఉంటే చాలు.

ఇక ముసుగు సంగతి. చాలా కాస్ట్యూమ్ తలల్లో మనం చూసేది పాత్ర కళ్లలోంచి కాదు, నోటి జాలీలోంచో మెడ దగ్గర సందులోంచో. కాబట్టి లోపలున్న మనిషి బిడ్డను చూస్తున్నా, బయట పాత్ర ఆకాశం చూస్తూ ఉండొచ్చు. గడ్డం ఎంత దించితే పాత్ర కళ్లు ఎదుటివాళ్ల మీద పడతాయో అద్దంలో చూసి ఒంటికి అలవాటు చేసుకోవాలి. మెడతో తలూపితే బయటికి వణుకులా కనిపిస్తుంది. ‘అవును’ అనాలంటే నడుము నుంచి వంగి లేవాలి. మోచేతులు పక్కటెముకలకు అంటకూడదు, సైగ చేశాక చెయ్యి ఒకటి రెండు సెకన్లు అక్కడే నిలపాలి.

ఇంట్లో సాధన: ఫోన్‌లో నిమిషం వీడియో తీసుకుని, చూసేటప్పుడు స్క్రీన్ మీద మీ ముఖాన్ని బొటనవేలితో మూసేయండి. సంతోషమో భయమో సిగ్గో అప్పటికీ తెలుస్తోందా? తెలియకపోతే నటన అంతా ముఖంలోనే ఉందని అర్థం.

దసరా పులివేషగాళ్లను గమనించండి. ముఖమంతా రంగు, డప్పు మోతలో మాట వినపడదు, అయినా పులి వెనక్కి తగ్గిందా, ఉరకబోతోందా అన్నది వీధి చివర ఉన్నవాడికీ తెలుస్తుంది. భుజాలు, వెన్ను, అడుగు బరువు. మనకు కావాల్సింది అదే.

తాళం_తార
మాస్టారు చెప్పింది కూచిపూడి వాళ్లకు మరీ ముఖ్యం, చెల్లీ. కళ్లతో, కనుబొమ్మలతో చేసే అభినయం ముసుగు వెనక పనికిరాదు. ఆంగికం, అంటే ఒంటి కదలికలతో చేసే అభినయం, మాత్రం బ్రహ్మాండంగా పనికొస్తుంది.

డ్యాన్స్ రౌండ్ గురించి: కాంబినేషన్, అంటే వరుసగా కూర్చిన అడుగుల ముక్క, నేర్పుతారు. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది ‘ఎనిమిదులు’ (ఒక్కోటి ఎనిమిది లెక్కల చుట్టు), నేర్పేది పావుగంట ఇరవై నిమిషాలు. తర్వాత ముగ్గురు నలుగురు చొప్పున చేయిస్తారు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు కాబట్టి లెక్క మనకు సులువే. ‘అయిదు, ఆరు, ఏడు, ఎనిమిది’ అని ఇంగ్లిష్‌లో ఎత్తుకుంటారు, తర్వాతి ఒకటి మీద కదలాలి. ఇబ్బంది లెక్కతో రాదు, పాదంతో వస్తుంది. మనకు అరమండి (మోకాళ్లు వంచి సగం కూర్చున్న భంగిమ), పాదం మొత్తం నేలకు తట్టు, బరువు కిందికి. జాజ్‌లో బరువు పైకి, అడుగు మునివేళ్ల నుంచి మడమకు. కూచిపూడి నుంచి వచ్చినవాళ్ల కాంబినేషన్‌లో చప్పుడు ఎక్కువ వినిపించేది అందుకే. రోజూ పది నిమిషాలు చప్పుడు రాకుండా దూకి దిగడం సాధన చేయండి.

వెనక వరుసలో దాక్కోవద్దు. నేర్పే మాస్టర్ పాదాలు కనిపించే చోట నిలబడండి. మధ్యలో వరుసలు మారుస్తారు, అద్దం లేని వైపు తిప్పి కూడా చేయిస్తారు, కాబట్టి పక్కవాళ్లను చూసి చేసే అలవాటు ఉంటే అక్కడ దొరికిపోతారు. అడుగు తప్పితే ఆగొద్దు, నాలుక కరుచుకోవద్దు, తర్వాతి ఒకటి మీద పట్టుకోండి. పరేడ్ ఆగదు కదా.

వట్టి కాళ్లతో వెళ్లొద్దు. జాజ్ బూట్లు గానీ, నేల మీద సులువుగా తిరగనిచ్చే శుభ్రమైన మెత్తటి బూట్లు గానీ వేసుకోవాలి. ఒంటికి పట్టే బట్టలు, వదులు టీ షర్టు వద్దు. నడుము, మోకాలి గీత కనిపించాలి.

గజ్జెల_గౌతమి
తార అక్కా, ధన్యవాదాలు. ఒక సందేహం. అక్కడ అందరికంటే కష్టమైన అడుగులు వేసి చూపిస్తే ప్రయోజనం ఉంటుందా?

పరేడ్_ప్రసాద్
చూపించమని అడిగినప్పుడు చూపించండి, కాంబినేషన్‌లో మాత్రం సొంత హంగులు కలపొద్దు. ప్యానెల్ వెతికేది రోజుకు నాలుగైదు సార్లు, వారానికి ఐదారు రోజులు, ఒకే షోను ఒకేలా చేయగల మనిషిని. మొదటి షో అదరగొట్టి నాలుగోదానికి చతికిలబడేవాళ్లు వాళ్లకు భారం. అందుకే ఒకే ముక్కను మూడు నాలుగుసార్లు చేయిస్తారు. నాలుగోసారి చెయ్యి మొదటిసారి వెళ్లిన ఎత్తుకే వెళ్తోందా, నవ్వు అలాగే ఉందా అని చూస్తారు. ఒక దిద్దుబాటు కూడా చెప్తారు, ‘ఇంకా కోపంగా’, ‘ఇంకా నెమ్మదిగా’ అని. మొదటిసారి బాగానే చేసినా సరే, చెప్పింది మార్చి చూపించాలి. ‘సరే అండీ’ అని తలూపి మళ్లీ అదే చేసినవాళ్లు ఆ రౌండ్‌తోనే ఆగిపోతారు.

స్వరం_సుబ్బు
గాయకుల సంగతి కొంచెం. 16 బార్లు (బార్ అంటే పాటలో కొన్ని లెక్కల చుట్టు) పాడమంటారు. నాలుగు లెక్కల బార్ అయితే మొత్తం 64 లెక్కలు. నిమిషానికి 120 లెక్కల వేగంలో అది 32 సెకన్లు, 72 వేగంలో 53 సెకన్లు. తార గారు చెప్పిన ఎనిమిది ఎనిమిదులు కూడా సరిగ్గా ఇంతే. మన సినిమా పాటల్లో ముందు సంగీతమే అర నిమిషం ఉంటుంది. అది కోసేయాలి, ట్రాక్ మొదలైన మూడు నాలుగు సెకన్లలో గొంతు వినపడాలి. పల్లవి మొదట్నుంచీ పాడాలని లేదు, గొంతు పైకి వెళ్లి నిలబడే భాగం తీసుకోండి. వేగంగా ఒకటి, నెమ్మదిగా ఒకటి సిద్ధంగా ఉండాలి. ట్రాక్ మీ శ్రుతికి మార్చి పెట్టుకోండి, అక్కడికక్కడ మార్చేవాళ్లు ఉండరు. ఫోన్‌లో ఇంటర్నెట్ నుంచి ప్లే చేయకుండా డౌన్‌లోడ్ చేసుకుని, విమానం మోడ్‌లో పెట్టండి. పాట మధ్యలో ఫోన్ మోగితే మీకిచ్చిన నిమిషం అయిపోయినట్టే. విదేశీ పార్కులకు ఇంగ్లిష్ పాట తప్పనిసరి. తెలుగు పాట రెండోదిగా ఉంచుకోండి, అడిగితే పాడండి.

కెమెరా_కిరణ్
వీడియో ఆడిషన్‌కు నా సూచనలు. ఫోన్ అడ్డంగా పెట్టాలి, ఇక్కడే చాలామంది తప్పు చేస్తున్నారు. రీల్స్ అలవాటులో నిలువుగా తీస్తున్నారు. స్టాండ్ మీద, డ్యాన్స్‌కు నడుము ఎత్తులో, మాటలకు కళ్ల ఎత్తులో. 1080పీ చాలు. పగటి వెలుతురు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా నిలబడండి. కిటికీ వీపు వెనక ఉంటే నల్లటి బొమ్మ కనిపిస్తుంది. సాదా గోడ ముందు, గోడకు మూడడుగుల దూరంలో. క్యాలెండర్, దండెం, దేవుడి పటాలు ఫ్రేములో లేకుండా చూసుకోండి.

మొదట పరిచయం: పేరు, ఎత్తు సెంటీమీటర్లలో, ఉన్న ఊరు, ఏ విభాగం. పది సెకన్లు. పుట్టిన తేదీ, ఇంటి అడ్రసు కెమెరా ముందు చెప్పొద్దు. తర్వాత ఎడమ, కుడి పక్కలకు తిరిగి చూపించాలి. డ్యాన్స్‌లో తల నుంచి పాదాల దాకా మొత్తం ఫ్రేములో ఉండాలి, జూమ్ వద్దు, మధ్యలో కత్తిరించి అతికించే కట్లు వద్దు. ముక్కలు అతికించిన వీడియో చూస్తే ‘ఒక్క టేక్‌లో చేయలేదు’ అనుకుంటారు. ఫైలు పేరు అడిగినట్టే పెట్టాలి, పేరు, విభాగం, ఎత్తు. లింకు పంపాక మీ ఫోన్ కాకుండా ఇంకొకరి ఫోన్‌లో తెరిచి చూడండి. ‘అనుమతి లేదు’ అని వస్తే అవతలివాళ్లు మీకు మళ్లీ ఫోన్ చేసి అడగరు, తర్వాతి వీడియోకి వెళ్లిపోతారు.

ఫొటో 8×10 అంగుళాలది, మీ ముఖం ఉన్నట్టే ఉండాలి. ఫిల్టర్లు, పెళ్లి ఆల్బమ్ మేకప్ వద్దు. నేరుగా ఆడిషన్‌కు వెళ్తే రెజ్యూమె ఒకే పేజీ, ఫొటో వెనక పిన్ చేసి, అంచులు అదే కొలతకు కత్తిరించి ఇవ్వాలి.

తాళం_తార
కిరణ్ గారూ, ఒక చిన్న సవరణ. సాధన చూపించే విడి క్లిప్పులు కట్లతో ఉన్నా ఫర్వాలేదు, కాంబినేషన్ మాత్రం ఒక్క టేకే.

కెమెరా_కిరణ్
నిజమే తార గారూ. షో రీల్ వేరు, ఆడిషన్ టేపు వేరు. రెండూ విడి ఫైళ్లుగా పంపాలి.

స్టంట్_శ్రీను
స్టంట్ షోల వాళ్లకు కూడా ఒక మాట. రామోజీ ఫిల్మ్ సిటీలో వైల్డ్ వెస్ట్ స్టంట్ షో లాంటివి ఉన్నాయి కాబట్టి మనవైపు కూడా ఈ పనికి దారి ఉంది. ఆడిషన్‌లో ఎంత ఎత్తు నుంచి దూకుతారన్నదానికంటే దెబ్బ తిన్నట్టు ఎలా చూపిస్తారన్నది ఎక్కువ చూస్తారు. పిడికిలి ముఖానికి జానెడు దూరంలో ఆగాలి, దెబ్బ తినేవాడు ప్రేక్షకులకు కనపడకుండా చప్పుడు చేయాలి, తల ఆ దిక్కుకే తిరగాలి. చప్పుడు ముందొచ్చి తల తర్వాత తిరిగితే దెబ్బ అబద్ధమని గ్యాలరీ ఆఖరి వరుసకూ తెలుస్తుంది. ఎదుటివాడి కళ్లలోకి చూసి, సిద్ధమని సైగ అందాకే మొదలుపెట్టండి. ఒళ్లు వేడెక్కకుండా పల్టీ కొట్టమంటే పదినిమిషాలు అడగండి, అడిగినందుకు ఎవరూ తప్పు పట్టరు. పాత దెబ్బలు, ముఖ్యంగా మోకాలు, భుజం, మెడ, దాచొద్దు. ఇన్సూరెన్స్ ఫారంలో దాచి తర్వాత బయటపడితే క్లెయిమ్ రాదు.

కాస్ట్యూమ్_కమల
కొలతల చీటీ ముందే తయారు చేసుకోండి: ఛాతీ, నడుము, తుంటి, కాలి లోపలి పొడవు, తల చుట్టుకొలత, బూటు సైజు. ఇంకొకటుంది, దాన్ని చాలామంది రాయరు. భుజం మీద నుంచి కాళ్ల మధ్యగా తిప్పి మళ్లీ అదే భుజానికి తెచ్చే చుట్టుకొలత. ఒంటిముక్క కాస్ట్యూములకు ఎత్తు సరిపోయినా ఇది చాలకపోతే కూర్చోగానే కుట్టు విడిపోతుంది.

మన ఆడపిల్లలకు ప్రత్యేకంగా: ఆడిషన్‌కు మూడు వారాల ముందు నుంచి గోరింటాకు, మెహందీ పెట్టుకోవద్దు. అట్లతద్దికో పెళ్లికో పెట్టుకుంటే పండిన రంగు రెండు వారాల దాకా పోదు, ముఖం కనిపించే పాత్రకు చేతులు కూడా పాత్రలో భాగమే. ముక్కుపుడక, మెట్టెలు తీయాల్సి వస్తుంది, తీసేందుకు మనసు ఒప్పుకోకపోతే ముందే చెప్పి, పాదం మూసుకునే బూట్లున్న పాత్ర అడగండి. టాటూ ఎక్కడుందో చెప్పాలి, చాలాచోట్ల కప్పితే ఒప్పుకుంటారు. కళ్లద్దాలు తలల లోపల పట్టవు, కాంటాక్టు లెన్స్‌కు రెండు మూడు వారాల ముందే అలవాటు పడండి.

వేడి గురించి కూడా తెలియాలి. తల, చేతితొడుగులు, లోపల నురుగు దిండ్లు కలిపితే కొన్ని కాస్ట్యూములు పది కిలోలు దాటతాయి. అందుకే ఒక్కో విడత ఇరవై, ముప్పై నిమిషాలు, ఎండ ఎక్కువుంటే ఇంకా తక్కువ. లోపల చెమట పీల్చే పలుచటి బట్ట, తలకు గుడ్డ. కళ్లు తిరుగుతున్నాయనిపిస్తే తోడుండే అటెండెంట్‌కు చూపించే సైగ మొదటిరోజే ఖాయం చేసుకోవాలి. ఆ సైగ లేని చోట తల తొడుక్కోవద్దు. అబుదాబి యాస్ ఐలాండ్‌లో ఫెరారీ వరల్డ్, 2018లో తెరిచిన వార్నర్ బ్రోస్ వరల్డ్ కప్పు కింద, ఏసీలో నడిచే పార్కులు, అక్కడ ఈ బాధ కొంత తక్కువ.

హైదరాబాద్_హేమ
ఇక్కడి సంగతి. 1996 నుంచి ఉన్న రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాలలో వచ్చిన వండర్‌లా, రెండు చోట్లా సంక్రాంతి, వేసవి సెలవులు, దసరా రోజుల్లో జనం పెరుగుతారు. అందుకని పండుగకు నెలన్నర ముందు నుంచే పార్కుల సొంత కెరీర్ పేజీలు చూస్తూ ఉండండి. ఈవెంట్ ఏజెన్సీల ద్వారా పిలిస్తే మూడు అడగండి: జీతం ఇచ్చేది పార్కా, ఏజెన్సీయా? రిహార్సల్ రోజులకు డబ్బు ఉందా? రాత్రి షో అయ్యాక ఊళ్లోకి బండి ఉందా? ఈ పార్కులు ఊరి బయట ఉన్నాయి, మూడోది తేలిగ్గా తీసుకోవద్దు. జీతం నెలకు 21,000 లోపైతే ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) వర్తిస్తుందేమో కూడా అడగండి, చీలమండ బెణికే పని ఇది.

గల్ఫ్_గిరి
విదేశాలకు వెళ్లేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. ఆడిషన్‌కు రుసుము ఉండదు. ‘రిజిస్ట్రేషన్ 5,000, పోర్ట్‌ఫోలియో 15,000’ అన్నారంటే అక్కడితో ఆపేయండి. మన దేశంలో లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల గరిష్ఠ సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. ఏజెంటు పేరు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకోండి. యూఏఈ కార్మిక చట్టం (2021 నాటి 33వ డిక్రీ చట్టం) ప్రకారం నియామక ఖర్చులు యజమానే పెట్టుకోవాలి, ప్రొబేషన్ ఆరు నెలలు దాటకూడదు. విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చు అంటే ఒప్పుకోవద్దు. ఆ వీసా మీద స్టేజి ఎక్కితే తప్పు మీ మీద పడుతుంది.

2016లో తెరిచిన బాలీవుడ్ పార్క్స్ దుబాయ్ 2023లో మూతపడింది. ఆ పేరుతో ఎవరైనా ఇప్పుడు డ్యాన్సర్లు కావాలంటే అదొక్కటే చాలు నమ్మకూడదనడానికి. భారతీయ నృత్యం ఒక్కటే వచ్చినవాళ్లకు అక్కడ తలుపులు తగ్గాయి కూడా, జాజ్, హిప్‌హాప్ కలిపి నేర్చుకోండి.

కాంట్రాక్టులో చూడాల్సినవి: వారానికి ఎన్ని రోజులు, రోజుకు గరిష్ఠంగా ఎన్ని షోలు, గదిలో ఎంతమంది, దెబ్బ తగిలి షో చేయలేకపోతే జీతం ఆగుతుందా, తిరుగు టికెట్ ఎవరిది. పాస్‌పోర్టు మీ దగ్గరే ఉండాలి. ఆడపిల్లలను కొలతల కోసం హోటల్ గదికి ఒంటరిగా రమ్మన్నా, లోదుస్తుల్లో ఫొటోలు పంపమన్నా అది ఆడిషన్ కాదు. వెళ్లొద్దు, పంపొద్దు, ఇంట్లోవాళ్లకు చెప్పండి.

ఓర్లాండో_ఉష
అమెరికాలో ఉన్న మనవాళ్లకు. అక్కడి డిస్నీ, యూనివర్సల్ ఆడిషన్లలో ప్రతిభకంటే ముందు పని చేసే అనుమతి చూస్తారు. ఎఫ్1 వీసా విద్యార్థి క్యాంపస్ బయట సరదాగా వారాంతం పని అనుకుని చేసినా వీసా స్టేటస్ పోతుంది, ఓపీటీ (విద్యార్థులకిచ్చే తాత్కాలిక పని అనుమతి) అయితే చదువుకు సంబంధించిన పనే చేయాలి. హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబం) వాళ్లకు ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు, కావాలి. ఎల్2 వీసా (కంపెనీ బదిలీ మీద వచ్చినవాళ్ల కుటుంబం) మీద ఉన్న భార్యకు గానీ భర్తకు గానీ 2021 నవంబరు నుంచి స్టేటస్‌తోపాటే పని హక్కు ఉంది. ఓర్లాండో డిస్నీలోని ఎప్‌కాట్ పార్కులో దేశాల పెవిలియన్లకు క్యూ1 (సాంస్కృతిక మార్పిడి) వీసా మీద ఆయా దేశాల యువతను తెస్తారు, ఆ పదకొండు పెవిలియన్లలో ఇండియాది లేదు. కాబట్టి ‘ఎప్‌కాట్ ఇండియా పెవిలియన్ ఉద్యోగం’ అంటూ ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. కాలిఫోర్నియా డిస్నీల్యాండ్ పాత్రధారులు, పరేడ్ పెర్ఫార్మర్లు 2024 మేలో ఓటేసి యాక్టర్స్ ఈక్విటీ యూనియన్‌లో చేరారు, అక్కడ చేరేవాళ్లు ఆ వివరాలు కూడా తెలుసుకోండి.

గజ్జెల_గౌతమి
ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. ఆఖరిగా ఒకటి. ఆడిషన్ అయ్యాక ‘తెలియజేస్తాం’ అని పంపేస్తే ఎన్ని రోజులు చూడాలి? మళ్లీ అదే పార్కుకు వెళ్లొచ్చా?

పరేడ్_ప్రసాద్
వెళ్లొచ్చండి. ప్రకటనలో మళ్లీ ఎప్పుడు రావచ్చో గడువు రాస్తే అది పాటించండి. ‘తెలియజేస్తాం’ అంటే చాలాసార్లు మిమ్మల్ని ఫైలులో పెట్టారని అర్థం. ఆ కాస్ట్యూమ్‌లో ఉన్నమ్మాయి మానేసినప్పుడు ఫోన్ వస్తుంది, అది వారంలో కావొచ్చు, ఆరు నెలలకు కావొచ్చు. ఫోన్ నంబరు మారితే వాళ్లకు ఒక మెయిల్ పెట్టండి, అంతకుమించి వెంటపడొద్దు. రెండోసారి వెళ్లేటప్పుడు కొత్త ఫొటో తీసుకెళ్లండి, బట్టలు మాత్రం మొదటిసారివే అయినా మంచిదే, గుర్తుపడతారు.

మాస్క్_మాస్టారు
ఈలోగా ఆ దోసె ముక్క తీసి ఇక్కడ పెట్టమ్మా. ఒక్క టేక్, అడ్డంగా, తల నుంచి పాదాల దాకా. పెనం ఎత్తు చూసి చెప్తాను.